జపాన్ బడిలో ఆవకాయ వాసన

సెలవులకి వైజాగ్ వచ్చి నాలుగు రోజులైంది. ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో వంకాయలు ఏరుతూ పిన్ని అడిగింది, "అక్కడ బడి పిల్లల చేతే ఊడిపిస్తారట, నిజమేనేటే?" అని.

నిజమే. నేను చేసేది జపాన్‌లో ఓ ఎలిమెంటరీ స్కూల్లో, ఇంగ్లీష్ అసిస్టెంట్ టీచర్‌గా. క్లీనింగ్ టైమ్‌లో క్లాసులు, మెట్లు అన్నీ పిల్లలే తుడుస్తారు, తడిగుడ్డ రెండు చేతులతో నేలకి నొక్కిపెట్టి నడుం పైకెత్తి వరండా ఈ చివర్నించి ఆ చివరికి ఒకటే పరుగు, నేనూ ట్రై చేసి సగంలోనే బోర్లా పడ్డాను, రెండో క్లాసు పిల్లొకతి పరిగెత్తుకొచ్చి "దైజోబు?" అంది, అంటే ఏం కాలేదు కదా అని. సిగ్గుతో చచ్చాను.

గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి వేరేవి వేసుకోవడం మనకేం కొత్త కాదు. కష్టమల్లా తిండే. పిల్లలే తెల్ల ఏప్రాన్లు కట్టుకుని క్లాసులోనే వడ్డిస్తారు, అందరికీ ఒకటే మెనూ, అన్నం, చేప, మీసో సూప్, పక్కనే పాల ప్యాకెట్! చేపతో పాలేంటో నాకిప్పటికీ అర్థం కాదు. బీఫ్ ఉన్న రోజు నా డబ్బా నేనే తెచ్చుకుంటా. ఓసారి స్టాఫ్ రూమ్‌లో ఆవకాయ మూత తీశానో లేదో తలకాయలన్నీ నావైపు తిరిగాయి. వైస్ ప్రిన్సిపాల్ గారు కాస్త రుచి చూసి రెండు గ్లాసుల నీళ్ళు తాగారు, మర్నాడు మళ్ళీ అడిగారు.

ఇది విన్న దగ్గర్నించి పిన్ని ఆయనకో సీసా కడుతోంది, సూట్‌కేసులో నూనె కారకుండా ఎలా పట్టుకెళ్ళాలో మరి.