గ్లాసూ, 27 సెకన్లూ

మన పాత బ్యాచ్ కలయిక కమిటీ నుంచి మూడు ఫోన్లొచ్చాయి. మొదటిది వ్యాసం కోసం, రెండోది ఫొటో కోసం. మూడోది "కొంచెం స్ఫూర్తిదాయకంగా ఉండాలె అన్నా" అని చెప్పడానికి. ఆ మూడో ఫోన్ చేసింది మన మెస్ సెక్రటరీయే. అన్ని నీళ్ళు పోసినా దాన్ని పప్పే అని మన చేత ఒప్పించినవాడికి నేను స్ఫూర్తి నేర్పాలా?

రాద్దామని కూర్చుంటే మొదటి సంవత్సరం ఒక్క తెల్లవారుజాము దగ్గరే ఆగిపోతోంది. రెండో సంవత్సరమంతా వెతికితే నల్లగొండ ఎండ, భూమిలోకి కరెంటు పంపి కొలిచే రెసిస్టివిటీ కేబుల్ చుట్టలు, జీపు కింద పడుకున్న మన డ్రమ్ముగాడు తప్ప ఇంకేమీ దొరకలేదు. అందుకని ఆ తెల్లవారుజామే రాస్తున్నాను. గ్లాసుగాడు ఏమీ అనుకోవద్దు.

1993 సెప్టెంబర్ 30. అంతకుముందు నిమజ్జనం చూసి, ట్యాంక్‌బండ్ నుంచి ఉస్మానియా దాకా నడిచొచ్చి, నెత్తిన గులాల్ కూడా కడుక్కోకుండా పడిపోయాం. నాలుగుకి నాలుగు నిమిషాలుందనగా భూమి కదిలింది. ముప్పై ఏళ్ళుగా దాచిన నిజం ఇప్పుడు చెప్తున్నాను: నేను లేవలేదు. భూకంపాల ప్రొఫెసర్నని కార్డు మీద వేయించుకున్న పెద్దమనిషి, తన మొదటి భూకంపాన్ని గురక పెట్టి వదిలేశాడు. మన వింగ్‌లో మేలుకున్నది గ్లాసుగాడొక్కడే. అప్పటికింకా వాడికా పేరు లేదు.

ఆరున్నర కాకముందే మనకి పాఠాలు చెప్పే సార్ లూనా మీద హాస్టల్‌కొచ్చేశారు. చొక్కా తిరగేసి తొడుక్కున్నారు. చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. (ఈసారి కూడా వస్తున్నారట, కనీసం ఇప్పుడైనా ఎవరో ఒకరు చెప్పండి.) చంకలో మ్యాపు చుట్ట. "ఎవడయ్యా మేలుకుంది?"

గ్లాసుగాడి వాంగ్మూలం ఇది. కూజా మీద బోర్లించిన స్టీలు గ్లాసు గలగలమంది. ఎలుకనుకున్నాడు. లేచాడు, చెప్పులు వెతుక్కున్నాడు, లైటేశాడు, గ్లాసు తీసి కింద పెట్టాడు, తిరిగొచ్చి కూర్చోబోతుంటే మంచం ఊగింది.

"అదంతా మళ్ళీ చెయ్యి" అన్నారు సార్, వాచీ విప్పి చేతిలో పట్టుకుని.

మొదటిసారి 16 సెకన్లు. "నన్ను చూసి పరిగెడుతున్నావు. నిద్రమత్తులో చెయ్యి." రెండోసారి చెప్పు నిజంగానే మంచం కిందికి పోయింది, లెక్కలోకి రాదన్నారు. మూడోసారి 27. ముందొచ్చే పి తరంగం గ్లాసుని మోగించింది, వెనకొచ్చే ఎస్ తరంగం మంచాన్ని ఊపింది. రెంటి మధ్య ఒక్కో సెకనుకి సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరం, ఇరవై ఏడు ఎనిమిదులు 216 కిలోమీటర్లు. పెద్ద కంపాస్ లేక దోమతెర దారం లాగి, పెన్సిలుకి కట్టి, హైదరాబాద్ చుట్టూ వృత్తం గీశారు. మనమంతా ఒక్క గొంతుతో భద్రాచలం అన్నాం, 1969 ఏప్రిల్‌లో అక్కడ 5.7 తీవ్రతతో భూకంపం వచ్చిందని అంతకు ముందువారమే చదివాం కనక. గీత భద్రాచలం దాకా పోలేదు. "ఒక్క గ్లాసుతో దూరమేగానీ దిక్కు తెలీదు, మూడు గ్లాసులుండాలి" అని సార్ అంటుండగానే మెస్ రేడియో మహారాష్ట్రలో లాతూర్ అంది.

సార్ వేలు ఆ గీత వెంటే పడమటికి వెళ్ళి ఆగింది. లెక్క కుదిరిందని మేం చప్పట్లు కొట్టబోయాం. ఆయన వెళ్ళి గ్లాసుగాడి మంచం మీద కూలబడ్డారు. "అది మొదటి జోన్, అన్నిటికన్నా తక్కువ ప్రమాదమన్న చోటు కద సార్, అక్కడ రాకూడదు కద" అన్నాడు డ్రమ్ము. "మ్యాపు గీసింది మనమే కదయ్యా." ఆ మొదటి జోనే 2002లో మ్యాపులోంచి పోయింది.

లాతూర్ జిల్లాలో ఆ భూకంపానికి కూలిన కిల్లారికి వెళ్ళిన నలుగురిలో నేనొకణ్ణి. 6.2 అన్నది క్లాసులో ఒక అంకె. అక్కడ అది మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద మన్ను పరిచిన బరువైన కప్పులు. కొన్నిచోట్ల చెక్క స్తంభాలు మాత్రం నిటారుగా నిలబడే ఉన్నాయి, గోడలు లేవు. ఒక ముసలావిడ సార్ చెయ్యి పట్టుకుని మరాఠీలో ఏదో అడిగింది. సార్‌కి మరాఠీ రాదు, మాకూ రాదు. మళ్ళీ వస్తుందా అని అడుగుతోందని మాత్రం అందరికీ తెలిసింది.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. పీహెచ్‌డీ కోయనా మీద, అంటే మహారాష్ట్రలో డ్యామ్‌కి నీళ్ళు నింపాక భూకంపాలు మొదలైన చోటు. 1967 డిసెంబర్ 11న 6.3 వచ్చాక కూడా ఆ రిజర్వాయర్ దగ్గర భూమి ఇప్పటికీ కుదురుకోలేదు, నాకు జీవితాంతం పని పెట్టింది. ఆ నీళ్ళ చదువే నన్ను అమెరికాలోని ఓక్లహామా చేర్చింది. అక్కడ చమురుతో పాటు పైకొచ్చే ఉప్పునీటిని తిరిగి లోతు బోర్లలోకి ఎక్కిస్తారు. పాత పగుళ్ళలో ఒత్తిడి పెరిగి జారతాయి. 2015లో ఒక్క ఏడాదే మూడుకి పైబడినవి 900 దాటాయి. 2016 సెప్టెంబర్ 3న 5.8 వచ్చిన ఊరి పేరు పావ్నీ. మన హైదరాబాదీ నోట్లో పడితే అచ్చంగా పానీ! బోర్లకి పంపే నీళ్ళు తగ్గించాక కుదుపులూ తగ్గాయి. ఆ లెక్కల్లో నా చెయ్యి కూడా కాస్త ఉందని ఇక్కడ రాసుకుంటే తప్పు పట్టరనుకుంటాను. అలాంటి ఒక ఊళ్ళో సభయ్యాక ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి మళ్ళీ వస్తుందా అనడిగింది. ఈసారి భాష వచ్చు. చిన్నవి వస్తాయి, పెద్దది ఎప్పుడో చెప్పలేనన్నాను. ఆవిడ సరేనని, వచ్చి ఇంటి పునాది చూసి పొమ్మంది.

ఏటా మొదటి క్లాసులో బల్ల మీద స్టీలు గ్లాసు బోర్లిస్తాను. ఒక పిల్లో పిల్లాడో చెప్పులు వెతుక్కుని, లైటేసి, గ్లాసు దించి, కుర్చీ దాకా నడవాలి. ఇంతవరకూ మూడో ప్రయత్నానికి ముందు ఎవరూ 27కి రాలేదు.

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగులో 5.3 వచ్చినప్పుడు నాకిక్కడ రాత్రి ఎనిమిది కావస్తోంది. గ్రూపులో అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. నేను ఉప్పల్‌లో ఉన్న గ్లాసుగాడికి ఒక్కటే రాశాను: "ఎన్ని?"

"స్టీలు గ్లాసులన్నీ మా ఆవిడ అటకెక్కించింది. ఏం మోగలె. కుక్క మొరిగింది, తర్వాత కుర్చీ ఊగింది."

"మధ్యలో ఎంతసేపు? మళ్ళీ చేసి చూడు."

"మోకాళ్ళ నొప్పులురా నాయనా" అని వచ్చింది జవాబు.