తాతయ్యకు పేపర్ చదివిన పిల్ల

విదేశీ కాలేజీ అప్లికేషన్ వ్యాసానికి మా మేనకోడలు పంపిన మొదటి డ్రాఫ్ట్ "చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం" అని మొదలైంది. చదువుతుంటే నాకే సిగ్గేసింది. ఒకప్పుడు నేను రాసిందీ అదే వాక్యం. కంప్యూటర్ల చోట సర్క్యూట్లు, అంతే తేడా. ఆ తర్వాత రోబోటిక్స్ క్లబ్బు, మూడు సర్టిఫికెట్లు, వక్తృత్వ పోటీలో రెండో బహుమతి. పైన పేరు మారిస్తే తన క్లాసులో ఎవరికైనా సరిపోతుంది.

ఆ బహుమతులన్నీ అప్లికేషన్‌లో వేరే గడుల్లో ఎలాగూ నింపాలి. అమెరికా కాలేజీలకు వెళ్లే ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్‌లో వ్యాసానికి ఉండేది 250 నుంచి 650 మాటలు. సగం సర్టిఫికెట్లకే పోతే ఇక పిల్లకు చోటెక్కడ?

ఫోన్‌లో ఇదే చెప్పాను. "నా జీవితంలో ఏమీ జరగలేదు మామయ్యా, ఏం రాయమంటావ్?" అంది, ఏడుపు గొంతుతో. సరే, వ్యాసం సంగతి పక్కన పెట్టి, మా నాన్న, అంటే తన తాతయ్య, కళ్లెలా ఉన్నాయని అడిగాను. చూపు మందగించినప్పటి నుంచి ఆయనకు రోజూ పేపర్ చదివి వినిపించేది తనే.

అప్పుడు చెప్పింది. ఒకరోజు సంతాప ప్రకటనల్లో తాతయ్య స్నేహితులిద్దరి పేర్లు కనిపించాయట. ఆ పేజీ వదిలేసి ఆటల పేజీలోకి వెళ్లిపోయింది. "పేజీ తొందరగా తిప్పావే" అన్నారట ఆయన. చప్పుడు బట్టి పట్టేశారు! మూడు రోజులు తనతో పేపర్ చదివించుకోలేదట.

"ఇది రాయవే" అన్నాను. "ఇందులో నేను గెలిచిందేముంది?" అంది. అదీ నిజమే. కానీ తప్పు చేసి దాని గురించి ఇంకా ఆలోచిస్తున్న మనిషి కనిపించింది నాకు.

రెండో డ్రాఫ్ట్‌లో మళ్లీ పొరపాటు: నాలుగొంతుల్లో మూడొంతులు తాతయ్యే. ఆయన్ని చేర్చుకునే కాలేజీ ఏదీ లేదమ్మా అన్నాను. ఎందుకు వదిలేశావు, తర్వాత ఏం మారింది అని గుచ్చి గుచ్చి అడిగితే, చూపు లేనివాళ్లకు తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ల దగ్గర తేలింది. వెబ్ పేజీలో ఫొటోకు వివరణ రాయకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి దాన్ని దాటేస్తుంది, ఒక్కోసారి అర్థంలేని ఫైల్ పేరు చదువుతుంది. దాటేస్తే వినేవాళ్లకు ఏం పోయిందో తెలియదు, పేజీ చప్పుడైనా ఉండదు. స్కూల్ వెబ్‌సైట్‌లో ఫొటోలకు వివరణలు రాయడం మొదలుపెట్టిందట. నాకిన్నాళ్లూ చెప్పనే లేదు! కంప్యూటర్లు ఎందుకు చదవాలో దీంతోనే తెలిసిపోతోంది, "ప్రాణం" అనక్కర్లేదు.

బ్రిటన్‌కూ అప్లై చేస్తోంది కానీ ఈ వ్యాసం అక్కడ పనికిరాదు. వాళ్లు మనిషి కథ కంటే సబ్జెక్టు మీద పట్టు చూస్తారు. 2026 ప్రవేశాల నుంచి అక్కడి ఉమ్మడి దరఖాస్తు యూకాస్‌లో ఒకే పెద్ద వ్యాసం పోయి మూడు ప్రశ్నలు వచ్చాయి: ఈ కోర్సు ఎందుకు, చదువు ఎలా సిద్ధం చేసింది, బయట ఇంకేం చేశావు. అన్నీ కలిపి ఖాళీలతో సహా 4,000 అక్షరాలు, ఒక్కో జవాబుకు కనీసం 350. ఎన్ని యూనివర్సిటీలు ఎంచుకున్నా అందరికీ అదే వెళ్తుంది కాబట్టి ఏ ఒక్కదాని పేరూ పొగడకూడదు. అక్కడ తాతయ్యకు రెండు వాక్యాలు, మిగతాదంతా స్క్రీన్ రీడర్లు.

కామన్ యాప్ వ్యాసం 702 మాటలు తేలింది. పైకి గట్టిగా చదువు, నాలుక ఎక్కడ తడబడితే అక్కడ కోసెయ్ అన్నాను. ముందుగా ఎగిరిపోయినవి నేను చేర్పించిన వాక్యాలే.

కిందటి ఆదివారం తాతయ్యకు వినిపించింది. అంతా విని ఆయన, "ఆరోజు నువ్వు వదిలేసింది ఇద్దర్ని కాదు, ముగ్గుర్ని. తర్వాత మీ అమ్మ చేత చదివించుకున్నాను" అన్నారట. అక్కడికక్కడే లాప్‌టాప్ తెరిచి అంకె దిద్దింది.