మల్లీశ్వరి: రాయలవారి కాలంలో మనింటి మనుషులు

1951 డిసెంబరులో విడుదలైన ‘మల్లీశ్వరి’ ప్రస్తావన వస్తే చాలామంది దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారి పట్టుదల గురించీ, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు సినిమాకు తొలిసారిగా రాసిన పాటల గురించీ, సాలూరి రాజేశ్వరరావు గారి బాణీల గురించీ చెబుతారు. వాటి గొప్పతనాన్ని నేనూ మనసారా ఒప్పుకుంటాను. అయితే పాటల కోసమైతే పాటలు వింటే సరిపోతుంది. ఇన్నేళ్ళ తరువాత కూడా సినిమా మొత్తం కూర్చుని చూడాలనిపిస్తున్నదంటే అది అందులోని నటీనటుల వల్లనేనని నా నమ్మకం. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి కథ అయినప్పటికీ వాళ్ళలో ఎవరూ చరిత్రను నటించలేదు. వీరాపురమనే ఊళ్ళోని ఒక బావనూ, ఒక మరదలినీ, నోరున్న ఒక అత్తనూ, నోరులేని ఒక మేనమామనూ నటించారు.

భానుమతి గారు అప్పటికే పేరుమోసిన తార. 1939లో ‘వరవిక్రయం’తో మొదలుపెట్టి, 1945లో ఇదే బి.ఎన్. రెడ్డి గారి ‘స్వర్గసీమ’తో తెలుగునాట అందరి నోళ్ళలోనూ నానిన నటి. ఎన్.టి. రామారావు గారు 1949లో ‘మనదేశం’లో చిన్న వేషంతో వచ్చినవారు, ‘పాతాళభైరవి’ విడుదలైందీ ఈ 1951లోనే. ఇద్దరి అనుభవంలో ఉన్న ఆ తేడా ఈ కథకు ఎంతో కలిసివచ్చింది. మల్లి మాటలో చొరవ, కొంటెతనం, కొంచెం పెత్తనం ఉంటాయి. నాగరాజు ఆమె మాట కాదనలేని బావగా, ఆమె నవ్వితే చాలుననుకునే కుర్రవాడిగా కనిపిస్తాడు. తరువాతి రోజుల్లో భానుమతి గారి పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే దర్పం ఇక్కడ ఇంకా పల్లెటూరి పిల్ల చిలిపితనంగానే ఉంది.

ఆమె పాటలు ఆమే పాడుకోవడం మరో అదృష్టం. ‘బావా’ అని పిలిచిన గొంతే మరుక్షణం పాట అందుకుంటుంది కనుక, మాటకూ పాటకూ మధ్య మనిషి మారినట్టు ఎక్కడా అనిపించదు. ‘ఆకాశవీధిలో’ పాటలో ఇద్దరూ ఒకచోట ఉండరు. మేఘాలతో కబురు పంపుకోవడమే ఆ పాటలోని విషయం. అవతలి మనిషి ఎదురుగా లేకుండా ప్రేమను నటించడం ఎంత కష్టమో ఆలోచిస్తే, భానుమతి గారి గొంతులోనూ ముఖంలోనూ ఉన్న నిబ్బరం ఎంతటిదో తెలుస్తుంది.

రామారావు గారి విషయంలో నేను ప్రతిసారీ ఎదురుచూసేది మండపం సన్నివేశం కోసం. సంత నుంచి ఎడ్లబండిలో తిరిగివస్తూ వానకు పాత మండపంలో తలదాచుకున్న బావామరదళ్ళకు, మారువేషంలో ఉన్న రాయలవారూ అల్లసాని పెద్దనా తారసపడతారు. మల్లి ఆటపాటలకు వాళ్ళు మెచ్చుకోగా, ఎదుట ఉన్నది ఎవరో తెలియని ఆనందంలో నాగరాజు, మా మల్లికి రాణివాసం పల్లకీ పంపించమని రాయలవారికి చెప్పండి అన్న అర్థం వచ్చేలా నవ్వుతూ అనేస్తాడు. సినిమాలోని దుఃఖమంతా ఆ ఒక్క పరిహాసం మీదే నిలబడి ఉంది. రామారావు గారు ఆ మాటను ఎంత తేలికగా అనాలో అంత తేలికగా అన్నారు. రాబోయేది తెలిసిన నటుడి బరువు అందులో రవ్వంతయినా లేదు. ఆ తేలికదనం వల్లనే, అతడు పరాయి ఊళ్ళో కష్టపడి నాలుగు డబ్బులు సంపాదించుకుని వచ్చేసరికి పల్లకీ నిజంగానే మల్లిని తీసుకుపోయిందన్న సంగతి మన గుండెల్లో గుచ్చుకుంటుంది. కృష్ణుడూ రాముడూ కాకముందు రామారావు గారు ఇంత మామూలు మనిషిగా ఉండగలిగారన్నది నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

1956లో ‘తెనాలి రామకృష్ణ’లోనూ, 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’లోనూ ఆయనే కృష్ణదేవరాయలుగా వచ్చారు. రాయలంటే ఆ రూపమే అందరి మనసుల్లోనూ స్థిరపడిపోయింది. ‘మల్లీశ్వరి’లో మాత్రం రాయలు శ్రీవత్స. ఆ పేరు ఇవాళ ఎక్కువమందికి తెలియకపోవచ్చు. ఆయన రాజరికాన్ని ప్రదర్శించరు, గొంతు పెంచరు. ఆ నెమ్మది వల్లనే, తాను ఏ దురుద్దేశమూ లేకుండా చేసిన పని ఒక జంటను విడదీసిందని రాజు గ్రహించే ఘట్టం నమ్మదగినదిగా ఉంటుంది. అక్కడ పెద్ద తార ఉండి ఉంటే మన చూపు నాగరాజు మీద నుంచి పక్కకు పోయేదే. అంతఃపురంలో మల్లికి తోడుగా నిలిచే జలజ పాత్రలో టి.జి. కమల గారిది చురుకైన నటన. (ఈమే తరువాత బిలియర్డ్స్ క్రీడాకారిణిగా పేరు తెచ్చుకున్నారన్నది నాకు చాలా ఇష్టమైన విశేషం.)

ఇక మల్లి తల్లి నాగమ్మగా ఋష్యేంద్రమణి గారు. ఆడపడుచు కొడుక్కి పిల్లనివ్వడానికి ససేమిరా అనే, డబ్బు మీద ఆశ చావని ఈ వదినగారిని చూశాక 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. అందులో అదే ఋష్యేంద్రమణి గారు సుభద్రగా, తన కొడుకును కాదన్న వదినగారి ఇంట్లో అవమానం దిగమింగుతారు. ఒకే తగవులో అటువైపూ ఇటువైపూ నిలబడి, రెండుచోట్లా మన ఇళ్ళలో విన్న గొంతులాగే పలికించడం సామాన్యమైన ప్రతిభ కాదు. నాగమ్మను ఆమె దుర్మార్గురాలిగా చేయలేదు. కూతురు బాగుపడాలన్న తపన, నలుగురిలో గొప్ప అనిపించుకోవాలన్న యావ ఆమెలో ఎంతగా కలిసిపోయి ఉంటాయంటే, ఆమె మీద పూర్తిగా కోపం తెచ్చుకోవడం నా వల్ల కాదు.

ఈ చిత్రం 1953లో చైనాలో కూడా ప్రదర్శితమైంది. మన బావామరదళ్ళ వరస తెలియని ప్రేక్షకులకు భానుమతి, రామారావు గార్ల మధ్య చనువు ముఖాలను చూస్తేనే అర్థమై ఉంటుందని నేననుకుంటాను. ఇప్పుడు ఎవరైనా ఈ కథను మళ్ళీ తీస్తే మల్లిగా, నాగరాజుగా వేయడానికి ఎవరో ఒకరు ముందుకు వస్తారు. నాకు దిగులు మల్లి తండ్రి నారప్ప గురించే. దొరస్వామి గారు భార్య మాటకు అడ్డు చెప్పలేక, మేనల్లుడి ముఖం చూడలేక పక్కకు తిరిగిపోతుంటే, ఆ పిరికితనాన్ని అసహ్యించుకోకుండా జాలిపడేలా చేసే నటుడు ఇవాళ ఎవరున్నారో ఎంత ఆలోచించినా నాకు తట్టడం లేదు.