జాకెట్టు ముక్కల మూట విప్పితే

చీరలకి ఫాల్ కుట్టి, పికో చేసి, జాకెట్లు కుట్టే ఇంట్లో డబ్బులు మిగులుతాయో లేదో గానీ ముక్కలు మాత్రం బాగా మిగులుతాయి. గుంటూరు బ్రాడీపేటలో మా మిషను పక్కన ఒక పాత దిండు గలీబు ఉంటుంది, అందులో పదకొండేళ్ళ ముక్కలున్నాయి. మెడ తీసినప్పుడు వచ్చిన అర్ధచంద్రాలు, చంక దగ్గర కోసిన వంకర ముక్కలు, చేతుల అంచు సరిచేసినప్పుడు మిగిలిన వేలెడు జరీ పేట్లు. పట్టు కదా, పారేయడానికి మనసొప్పదు. అలాగని ఏం చేయడానికీ చాలవు. ఇన్నాళ్ళకి వాటికి సరిపోయే పని ఒకటి దొరికింది, దాని పేరు క్రేజీ క్విల్టింగ్. క్విల్ట్ అంటే మన బొంత లాంటిదే. ఇంట్లో మిషను, కాస్త ఓపిక ఉన్న వాళ్ళెవరైనా మొదలుపెట్టొచ్చు కాబట్టి నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

బొంత తెలియని వాళ్ళు మనలో ఎవరుంటారు. మా అమ్మ పాత నూలు చీరలు నాలుగు పొరలుగా పరిచి ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోయేది. అతుకుల బొంతైతే ముక్కల్ని చదరంగా కోసి కలిపేది. క్రేజీ క్విల్ట్‌కి ఆ చదరం కూడా అక్కర్లేదు. ముక్కలకి ఆధారంగా అడుగున ఒక నూలు గుడ్డ పెట్టుకుని (దీన్నే అడుగు గుడ్డ అంటాను), ముక్క ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే దాని మీద అడ్డదిడ్డంగా పేర్చి కుడతాం, ఆ తర్వాత ప్రతి అతుకు మీదా రంగు దారంతో చేతికుట్టు వేస్తాం. మామూలు క్విల్ట్‌లో ఉండే దూది పొర ఇందులో సాధారణంగా ఉండదు. అతుకు కనపడకుండా కుట్టడమే పనితనం అని నేర్చుకున్న నాలాంటి దానికి, అతుకు మీదే పూలు పూయించే ఈ పని మొదట్లో చాలా వింతగా అనిపించింది.

1880ల్లో అమెరికాలో ఆడవాళ్ళు ఈ పని మీద తెగ మోజుపడ్డారు. 1876లో ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు జపాన్ వాళ్ళ వస్తువులు చూసి, అటూ ఇటూ సమానంగా లేకపోయినా అందంగా ఉండే ఆ తీరు జనానికి నచ్చిందని, ఈ మోజుకి అదొక కారణమని చెబుతారు. పింగాణీ మెరుగు మీద పడే సన్నటి పగుళ్ళకి ఇంగ్లీషులో వాడే క్రేజింగ్ అనే మాట కూడా ఈ క్రేజీ అనే మాటకి చుట్టమే. వాళ్ళు పట్టు, మఖ్మల్, రిబ్బన్లు వాడారు. ఆ రోజుల్లో పట్టుకి బరువు తేవడానికి లోహపు లవణాలు ఎక్కించేవాళ్ళు, దానివల్ల అప్పటి క్విల్ట్‌లలో పట్టు ముక్కలు చాలా వరకు పీలికలైపోయాయి, పక్కనున్న మఖ్మల్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇది తెలిశాక నేను ఏ ముక్క తీసినా ముందు రెండు చేతులతో పట్టుకుని నిలువుగా, అడ్డంగా లాగి చూస్తాను. చిటుక్కుమంటే దాన్ని అలాగే వాడను. వెనక వైపు పల్చటి ఫ్యూజింగ్, అంటే వేడికి అతుక్కునే గుడ్డ, పెట్టి ఇస్త్రీతో అతికించాకే వాడతాను.

నా మొదటి ముక్క పాడైంది. అడుగు గుడ్డ ఎందుకులే అనుకుని పట్టు ముక్కలు ఒకదానికొకటి నేరుగా కలిపేశాను, వంకరగా కోసిన గుడ్డ సాగుతుందని తెలిసి కూడా. ఇస్త్రీ పెట్టగానే మధ్యలో ఉబ్బి, అంచులు అలలు తిరిగి, అప్పడంలా తయారైంది. మూడు సాయంత్రాల పని. అందుకే అందరికీ మొదట చెప్పేది ఇదే, అడుగు గుడ్డ లేకుండా మొదలుపెట్టకండి. నా లెక్కలో అన్నిటికన్నా మంచిది పాత పంచె. ఎన్నోసార్లు ఉతికి ఉంటుంది కాబట్టి ఇంక ముడుచుకోదు, సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. పంచె లేకపోతే జాకెట్టు లైనింగ్‌కి వాడే నూలు గుడ్డ తడిపి ఆరేసి వాడుకోవచ్చు.

దుప్పటి జోలికి ఇప్పుడే పోవద్దు. సూదులు పెట్టుకునే చిన్న పుస్తకంతో మొదలుపెట్టండి, మూసినప్పుడు 4 అంగుళాల చదరం, తెరిస్తే 4 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు. దీనికి అడుగు గుడ్డ 6 అంగుళాలు, 10 అంగుళాలు కోయాలి. చేతికుట్టు వేసే కొద్దీ గుడ్డ లోపలికి లాగుతుంది, అందుకే చుట్టూ అంగుళం ఎక్కువ.

మధ్య ముక్కకి అయిదు మూలలు ఉండేలా కోసుకోండి. నాలుగు మూలలైతే తెలియకుండానే మళ్ళీ చదరాల్లోకి వెళ్ళిపోతాం. దాన్ని సరిగ్గా నడిమధ్య కాకుండా కొంచెం పక్కకి, మంచివైపు పైకి ఉండేలా పెట్టి గుండుసూదులు గుచ్చండి. రెండో ముక్కని దాని మీద బోర్లించి, అంటే మంచివైపు మంచివైపు కలిసేలా పెట్టి, ఒక పక్క పావు అంగుళం వదిలి మిషను మీద కుట్టండి. అప్పుడు రెండో ముక్కని వెనక్కి తిప్పి ఇస్త్రీ పెట్టండి. మూడో ముక్క ఈ రెండిటి అంచునీ కప్పేలా పెట్టి మళ్ళీ అలాగే. అలా గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టూ తిరుగుతూ అడుగు గుడ్డ అంతా నిండేదాకా పోవడమే. ఒక్కో ముక్క కుట్టాక, అడుగు గుడ్డ జోలికి పోకుండా, అతుకు కింద మిగిలిన ముక్కల అంచు కత్తిరించేయాలి, లేకపోతే పొరలు పేరుకుని తర్వాత చేతి సూది దిగదు. ఎక్కడో ఒక మూల మిషనుకి అందని సందు తప్పకుండా వస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, ఆ ముక్క అంచు లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేస్తే చాలు, ఎలాగూ దాని మీద దారం పని వస్తుంది. జరీ, పాలిస్టర్ ముక్కలకి మాత్రం ఇస్త్రీ తక్కువ వేడిలో, పైన నూలు గుడ్డ వేసి.

రంగుల దగ్గరే అందరూ ఆగిపోతారు. ఏ రంగు పక్కన ఏది పెట్టాలి అని గంటసేపు ముక్కలు పరుచుకుని కూర్చుంటారు. నేను పాటించే లెక్క ఒక్కటే, రెండు ఆడంబరం ముక్కలకి ఒక సాదా ముక్క. మంగళగిరి చీరలకి వచ్చే జాకెట్టు ముక్కలు ఇందుకు బంగారం, ఒళ్ళంతా సాదాగా ఉండి చేతికుట్టు అంతా దాని మీద తేటగా కనపడుతుంది. నిజాం అంచు అనే జరీ అంచు ముక్క దొరికితే దాన్ని ముక్కగా కాకుండా అతుకు మీద పట్టీలాగా వాడండి. పెడన కలంకారీ ముక్క ఒక్కటి పడితే చాలు, రెండో దానికి చోటివ్వొద్దు, అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. పాత క్విల్ట్‌ల ఫొటోల్లో నలుపు చాలా ఉంటుంది, మిగతా రంగులు వెలిగేది దాని వల్లే. మనకి శుభకార్యాల జాకెట్లలో నలుపు ఎక్కడొస్తుంది? నా గలీబు మొత్తం వెతికినా అరచేయంత ముక్క దొరకలేదు. దాని బదులు ముదురు వంకాయ రంగు, నేవీ బ్లూ వాడుతున్నాను, చక్కగా సరిపోయాయి.

లేసులు పట్నంబజారులో గజాల లెక్కన తెచ్చుకుంటాను, బెజవాడ వెళ్ళినప్పుడు వన్‌టౌన్‌లో చూస్తాను. నరసాపురం క్రోషే లేసు చిన్న ముక్క ఎక్కడైనా దొరికితే వదలకండి. పొడుగ్గా సాగిపోయిన అతుకు ఉంటే చూపు దాని వెంటే జారిపోతుంది, దాని మీద అడ్డంగా ఆ లేసు ఒకటి వేస్తే నిలబడుతుంది.

ఇక దారం పని. నిజంగా నాకు ఇష్టమైనది ఇదే, మిగతాదంతా ఇక్కడికి రావడానికే చేస్తాను. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, రెండు గానీ మూడు గానీ విడదీసుకుంటే చాలు. మూరెడు కంటే పొడుగు దారం తీసుకోకండి, చిక్కులు పడుతుంది, లాగీ లాగీ మెరుపు పోతుంది. కాజా కుట్టు, గొలుసు కుట్టు మన చేతుల్లో ఉన్నవే. కొత్తగా నేర్చుకోవాల్సింది ఫెదర్ స్టిచ్ ఒక్కటి. అతుకు మీద సూది పైకి తీయండి. దానికి సూటిగా కుడివైపు కొంచెం ఎడంగా సూది దించి, ఆ రెండిటికీ మధ్యలో ఒక గింజంత కిందుగా పైకి తీయండి, దారం సూది కింద ఉండాలి. లాగితే ఆ దారం చిన్న ఉయ్యాలలా వంగి ఆగుతుంది. గట్టిగా లాగొద్దు, ఉయ్యాల బిగుసుకుపోయి గీతవుతుంది. తర్వాత అదే పని ఎడమవైపు, మళ్ళీ కుడి. నాలుగు అంగుళాలు కుట్టేసరికి అతుకు పోయి అక్కడొక తీగ పాకి ఉంటుంది. ఆ తీగ కొసల్లో ఫ్రెంచ్ నాట్లు, అంటే సూదికి దారం చుట్టి వేసే ముడులు, వేస్తే మొగ్గలు, లేజీ డైజీ, అంటే గొలుసు కుట్టులో ఒక్క విడి లంకె, వేస్తే ఆకులు. మొదట్లో ఎడం సమానంగా రాదు, చాక్‌తో పావు అంగుళానికొక చుక్క పెట్టుకోండి. పది అతుకులు కుట్టాక చుక్కలు అక్కర్లేదు.

మా గుంటూరు ఎండల్లో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు, చేతి చెమటకి పట్టు మరకలు పడుతుంది. నేను పొద్దున్న ఆరింటికి, వరండాలో.

పూసలు, చమ్కీలు, అద్దాలు అన్నిటికన్నా చివర. అవి కుట్టాక పైనుంచి ఇస్త్రీ పెట్టకూడదు, తువ్వాలు మీద బోర్లించి వెనక నుంచి పెట్టాలి. చివర్లో కోయబోయే అంచుకి అర అంగుళం కంటే దగ్గరగా పూస కుట్టొద్దు, మిషను పాదం తగిలి సూది విరుగుతుంది. అంతా అయ్యాక నాలుగున్నర, ఎనిమిదిన్నర అంగుళాలకి కోసి, లైనింగ్ మంచివైపు కలిపి పెట్టి చుట్టూ పావు అంగుళంలో కుట్టి, రెండు అంగుళాలు వదిలి, అందులోంచి తిప్పేసి ఆ సందు చేత్తో మూసేయండి. లోపల ఫెల్ట్ గుడ్డ రెండు పేజీలుగా పెట్టి నడుమ ఒక కుట్టు. ఒక టిచ్ బటన్. ఉతకడానికి పనికిరాదు, తడి గుడ్డతో తుడుచుకోవడమే.

ఇది వచ్చేస్తే కళ్ళజోడు కవరు, చిల్లర పర్సు అన్నీ ఇదే దారిలో వస్తాయి. నా మూడోది కళ్ళజోడు కవరే. పక్కింటి పిన్నిగారు తన పెళ్ళి చీర తెచ్చి చూపించారు, బచ్చలిపండు రంగు, మడతల దగ్గర జరీ వెంట చీలిపోయి ఉంది. "అమ్మాయ్, ముట్టుకుంటేనే చిరుగుతోంది, ఇంక దేనికి పనికొస్తుంది?" అన్నారు. చెంగు చివర జానెడు మాత్రం అడిగి తీసుకున్నాను. ఫ్యూజింగ్ వేసి, అయిదు మూలలు తీసి, మధ్యలో పెట్టి చుట్టూ వంకాయ రంగు, మంగళగిరి పచ్చ, ఒక్క కలంకారీ ముక్క. చీర మీద చీలిక ఉన్న చోటే గంధం రంగు దారంతో ఫెదర్ స్టిచ్ నడిపించాను, చీలిక పైనుంచి కింద దాకా, దాని దారిలోనే. ఇచ్చినప్పుడు ఆవిడ అద్దాలు లోపల పెట్టుకోకుండా చాలాసేపు ఆ కుట్టు మీద బొటనవేలితో రాస్తూ కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే చీర మొత్తం మడిచి తెచ్చి నా మిషను మీద పెట్టి, ఇద్దరు కూతుళ్ళకీ, మనవరాలికీ ఒక్కోటి కావాలన్నారు. ఈ వారమంతా దానికి ఫ్యూజింగ్ అతికించడంలోనే ఉన్నాను, ఇంకా సగం కూడా కాలేదు.