జులై నాలుగున అత్తయ్యతో పాత సినిమా

ఈరోజు అమెరికా స్వాతంత్ర్య దినం, సెలవు. ఎండ మండిపోతుంటే ఎవరం బయటికి కదల్లేదు. బాణసంచాకి ఇంకా బోలెడు టైముందని టీవీ పెడితే ‘యాంకీ డూడుల్ డాండీ’ వస్తోంది. 1942 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా, నాకు ప్రాణం. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య పక్కనే కూర్చుని చిక్కుళ్ళు వలుస్తూ, "కథేమిటో చెప్పమ్మా, నేనూ చూస్తా" అన్నారు.

చెప్పాను. జార్జ్ ఎం. కోహన్ అనే రంగస్థల కళాకారుడి జీవితం ఇది. నాన్న జెర్రీ, అమ్మ నెల్లీ, జోసీ, జార్జ్. ‘ఫోర్ కోహన్స్’ పేరుతో ఇంటిల్లిపాదీ ఊరూరా తిరిగి ఆడి పాడేవాళ్ళు. అత్తయ్య వెంటనే, "మన సురభి వాళ్ళలాగే అన్నమాట! వాళ్ళు మా ఊళ్ళో నాటకాలు వేస్తున్నన్నాళ్ళూ మా ఇంట్లో వంట సాయంత్రానికే అయిపోయేది" అన్నారు. ఇక నేను పెద్దగా వివరించాల్సిన పని లేకపోయింది.

కోహన్‌గా వేసిన జేమ్స్ కాగ్నీకి అప్పటికి గ్యాంగ్‌స్టర్ వేషాలతోనే పేరు. నిజానికి అతను మొదలుపెట్టింది స్టేజీ మీద డాన్స్‌తోనే. ఇందులో ఆ డాన్స్ చూడాలి! నడుం పైభాగం ముందుకు వాలుతుంది, మోకాళ్ళు వంగవు, కాళ్ళు మాత్రం టకటకా ఆడుతుంటాయి. కోహన్ అలాగే ఆడేవాడట, కాగ్నీ పట్టుబట్టి నేర్చుకున్నాడు. జోసీగా వేసింది కాగ్నీ సొంత చెల్లెలు జీన్. అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగిన మర్నాడే షూటింగ్ మొదలైంది. యూనిట్‌లో అందరి మనసులూ ఎలా ఉండి ఉంటాయో! జెండా పాటలో కనిపించే ఆవేశం నటన మాత్రమే అనిపించదు నాకు.

కానీ నన్ను కదిలించేది జెండాల సీను కాదు. ప్రతి ఆట చివరా జార్జ్ జనానికి చెప్పే మాట ఒకటుంటుంది: మా అమ్మ, మా నాన్న, మా చెల్లి, నేను, అందరం మీకు కృతజ్ఞులం అని. తండ్రి మంచం మీద ప్రాణం వదిలాక ఆ మాటే అంటాడు. చప్పట్లు లేవు, జనం లేరు. గొంతు పూడుకుపోతూ ఒక్కో పేరూ చెప్తాడు. అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. దేశభక్తి సినిమా అంటారు గానీ, నాకిది ముందు ఒక కొడుకు కథ.

సినిమా దాచినవీ ఉన్నాయి. 1919లో నటులు హక్కుల కోసం సమ్మె చేస్తే కోహన్ నిర్మాతల పక్షాన నిలబడ్డాడు. ఆ ఊసే లేదు. రెండు పెళ్ళిళ్ళు చేసుకున్న మనిషికి తెర మీద ఒక్క భార్యే. తెల్లవాళ్ళు ముఖాలకి నల్లరంగు పూసుకుని నల్లవాళ్ళని అనుకరిస్తూ ఆడే సీను చూస్తే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. ఇంత ఇష్టమైన సినిమాలో అది లేకపోతే బాగుండేది. ఆ సంగతి అత్తయ్యకి వివరంగా చెప్పాను.

చివర్లో కోహన్ ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌ని కలిసి వైట్‌హౌస్ మెట్ల మీద, బూట్లతో తాళం వేసే ట్యాప్ డాన్స్ చేస్తూ దిగుతాడు. బయట సైనికులు ‘ఓవర్ దేర్’ పాడుతూ కవాతు చేస్తుంటారు. 1917లో తను రాసిన పాటే! వాళ్ళతో కలిసి నడుస్తుంటే, ఈ పాట గుర్తులేదా అని ఓ సైనికుడు అడుగుతాడు. గుర్తున్నట్టే ఉందని తనూ గొంతు కలుపుతాడు.

"రాసింది నేనేనని చెప్పడేం?" అన్నారు అత్తయ్య.

"చెప్పకపోవడమే బాగుంది అత్తయ్యా."

"అదేం మాట? ఆ కుర్రాడికి తెలియొద్దూ?"

బాణసంచాకి వెళ్ళేటప్పుడు కారులో మళ్ళీ అదే వాదన. ఈయన కూడా అత్తయ్య వైపే.