వంశధార ఒడ్డున తొలి జెల్ల

నౌపడ దాటి బండి హౌరా లైనును విడిచి లోపలికి తిరగగానే మా అమ్మాయి కిటికీ దగ్గరకు జరిగి, "నాన్నా, నువ్వు చేప పట్టిన ఊరు ఇంకెంత దూరం?" అని అడిగింది. గుణుపురానికి ఆ పేరు నా వల్లే వచ్చింది. అక్కడ మా మేనమామ ఉంటాడనీ, ఊరి చుట్టూ సవరల కొండలున్నాయనీ చెప్పడం మాని, బుద్ధి తెలిసినప్పటి నుంచీ దానికి ఒక్క కథే చెప్పుకొచ్చాను. కాబట్టి ఆ పదేళ్ల పిల్లకు గుణుపురమంటే ఏరూ గేలమూ తప్ప మరొకటి తోచదు. నిరుడు దసరా సెలవుల్లో, నేను ఆ చేపను పట్టిన ముప్పై అయిదేళ్లకు, అమ్మాయిని వెంటబెట్టుకొని బయలుదేరాను.

నేను మొదటిసారి ఈ దారిన వెళ్లింది 1989లో. అప్పటికి నాకూ పదేళ్లే. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల సన్న లైను అప్పటికింకా నడుస్తోంది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలైన ఆ లైను 1931 నాటికి గుణుపురం చేరింది. 90 కిలోమీటర్ల దూరాన్ని ఆ చిన్న బండి ఎంత నెమ్మదిగా లాగేదంటే, బొగ్గు నుసి పడకుండా అమ్మ నా కళ్లకు కొంగు అడ్డం పెట్టి, కథ మీద కథ చెప్పినా ఊరు వచ్చేది కాదు. 2004లో ఆ బండిని ఆపి, పెద్ద లైను వేశాక 2011లో గుణుపురానికి మళ్లీ రైలు నడిపారు. ఇప్పటి ప్రయాణం సుఖంగానే ఉంది. పాతపట్నం దాటి పర్లాకిమిడి రాగానే స్టేషను బోర్డు మీద తెలుగు పోయి ఒడియా గుండ్రటి అక్షరాలు వస్తాయి కానీ, పెట్టెలో మాటలు మాత్రం మారవు. అటువాళ్లు తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తారు, ఇటువాళ్లు ఒడియాలో అడిగి తెలుగులో జవాబు వింటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు అంతవరకు విశాఖపట్నం ఏజెన్సీలో ఉన్న గుణుపురం అటువైపు వెళ్లింది. మా అమ్మ పుట్టింటివారు మాత్రం ఉన్న ఊరిని విడిచి కదలలేదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ, సవరలు దిగివచ్చే రోజున వాళ్ల మాటలు నాలుగూ. మావయ్య అలా పెరిగాడు. నేను శ్రీకాకుళం పిల్లవాణ్ణి, నాకు తెలుగొక్కటే వచ్చు. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి చేప ఒడియా తెలియకే పోయింది, తరువాతి చేప ఆ భాషలో రెండు మాటలు తెలిసే దొరికింది.

ఆ ఏడు వరద తీసి, వంశధార తేరుకుంటున్న రోజులు. లాంజిగఢ్ కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఈ ఏరు గుణుపురం దగ్గర విశాలంగా, ఇసుక మీద పరుచుకొని పారుతుంది. వానాకాలంలో ఒడ్డును ఒరుసుకుంటుంది, కార్తీకం నాటికి మధ్యలో తిప్పలు తేలతాయి. మావయ్య నన్ను తొలిరోజు ఏటికి తీసుకుపోలేదు. పెరట్లో కూర్చోబెట్టి గేలం కట్టడం నేర్పాడు. సన్నటి వెదురు కర్రను గణుపులు నున్నగా చెక్కి, కొన దగ్గర తంగూసును రెండు చుట్లు చుట్టి ముడివేశాడు. కొక్కేనికి జానెడు పైన పంటితో నొక్కిన సీసపు గుండు, దానికి మూరెడు పైన జీలుగు బెండు. జీలుగు అతి తేలికైన కర్ర. గోటితో గిచ్చితే మెత్తగా దిగుతుంది, నీళ్ల మీద వేస్తే రేకులా తేలుతుంది. బెండు మధ్య నుంచి ఈనెపుల్లతో తంగూసును బిగించడం ఎందుకని నేనడిగితే, నీటి లోతును బట్టి బెండును పైకీ కిందికీ జరుపుకోవాలనీ, జెల్ల అడుగున మేస్తుంది కనుక ఎర అడుగుకు దగ్గరగా వేలాడాలనీ చెప్పాడు. అరటి మొదట్లో తడిమట్టి తవ్వి కొబ్బరిచిప్ప నిండా వానపాములు తీశాం.

"బెండు వణికితే పరిగెలురా, ఎర కొరుక్కు తింటున్నాయన్నమాట. కదలకు. బెండు మునిగి పక్కకు పోతే అప్పుడు జెల్ల. అప్పుడు లాగు." ఇంతే ఆయన చెప్పిన శాస్త్రం. ఇప్పటికి ఎందరో చెప్పగా విన్నాను కానీ, దానికి చేర్చవలసిన మాట ఒక్కటీ కనబడలేదు.

మర్నాడు పొద్దు వాలే వేళకు రేవుకు వెళ్లాం. రేవు పక్కన మడుగులో, ఒడ్డు కోసుకుపోయిన చోట, వేళ్లు నీళ్లలోకి వేలాడుతున్న ఒక చెట్టు కింద ఒక ముసలి జాలరి అప్పటికే కూర్చొని ఉన్నాడు. ఆయనకు తెలుగు రాదు. మావయ్య ఆయనతో ఒడియాలో రెండు మాటలు మాట్లాడి, నన్ను పక్కన కూర్చోబెట్టి, తెలిసినవాళ్లెవరో పిలిస్తే గట్టు మీదికి వెళ్లాడు. కాసేపటికి నా బెండు వణికింది. నేను కర్ర గట్టిగా పట్టుకొని నిలబడ్డాను. ముసలాయన అరచెయ్యి నా వైపు చాచి, "రహ, రహ" అన్నాడు. నాకు అది "రా, రా" అని వినిపించింది. పెద్దమనిషి పిలుస్తుంటే రానంటే బాగుండదని, కర్రను అక్కడే ఇసుకలో పొడిచి ఆయన దగ్గరకు నడిచాను. నేను ఆయనను చేరేలోగా నా వెనుక బెండు బుడుంగున మునిగింది, కర్ర కొన వంగింది, మళ్లీ నిటారుగా లేచింది. ఆయన తల పట్టుకున్నాడు. తంగూసు లాగి చూస్తే కొక్కెం ఉత్తది, ఎర లేదు. నాకు ఏడుపొచ్చింది. మావయ్య పరుగున దిగివచ్చి సంగతి విని, నవ్వకుండా నా పక్కన కూర్చొని, "రహ అంటే ఆగు అనిరా నాయనా, టాణ అంటే లాగు" అని చెప్పాడు. నవ్వనందుకు ఆయన మీద ఆనాడు కలిగిన ప్రేమ నాకింకా తగ్గలేదు.

తరువాత ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. సూర్యుడు కొండల వెనక్కి దిగి, నీళ్ల రంగు బెల్లంపాకం రంగులోకి మారి, బెండు కనబడీ కనబడకుండా ఉంది. ముసలాయన తన గేలాన్ని తీసి పక్కన పెట్టి నా బెండునే చూస్తున్నాడని కొంతసేపటికి గమనించాను. బెండు వణికింది. "రహ" అన్నాడు ఆయన, నెమ్మదిగా. ఆగాను. మళ్లీ వణికింది, ఒక పక్కకు ఒరిగింది. "రహ." నా గుండె చప్పుడు నాకు చెవుల్లో వినబడుతోంది. ఉన్నట్టుండి బెండు మునిగి, నీటి అడుగున తెల్లగా ఏటవాలుగా వేళ్ల వైపు జారింది. "టాణ!" అని ఆయన అరవడమూ నేను లాగడమూ ఒక్కసారే జరిగాయి.

ఆ బరువును మాటల్లో పెట్టడం కష్టం. తరువాత చేతిలో చూస్తే జానెడు కూడా లేని చేప. నీళ్లలో ఉన్నంతసేపు మాత్రం అది చేపలా తోచలేదు, ఏరే అటువైపు నుంచి నా కర్రను పట్టుకొని లాగుతున్నట్టనిపించింది. వెదురు గుండా, మణికట్టు గుండా, మోచేతి దాకా ఆ అదురు పాకింది. అది గాలిలోకి లేచి, గిరగిరా తిరిగి, నా వెనుక ఇసుకలో పడింది.

పొలుసులు లేని నున్నటి ఒళ్లు, వెన్ను బూడిదరంగు, పక్కన రాగి మెరుపు, మూతి చుట్టూ పొడవాటి మీసాలు. ఇసుకలో పడుకొని అది కిర్రు కిర్రుమని చప్పుడు చేస్తోంది. చేపలు అరుస్తాయని నేను ఎన్నడూ వినలేదు. జెల్ల తన చెక్కల దగ్గరి ముళ్లను కీళ్లలో రాపాడించి ఆ చప్పుడు చేస్తుందని చాలా ఏళ్లకు చదివాను. ఆనాడు మాత్రం అది నొప్పికి మూలుగుతోందనుకొని, జాలితో, ఎవరూ చెప్పకముందే వంగి రెండు చేతులా ఎత్తాను. వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు, జెల్లకు మూడు ముళ్లుంటాయి. ప్రమాదం వస్తే వాటిని నిక్కించి బిగించేస్తుంది, ఇక అవి వంగవు. పక్క ముల్లు నా కుడి బొటనవేలి మొదట దిగింది.

ముసలాయన నా వేలిని పిండి నెత్తురు కార్చి, ఏట్లో కడిగాడు. ఇంటికి చేరేసరికి చెయ్యి మణికట్టు దాకా సలుపుతోంది. అత్తయ్య ఒక్క మాట కూడా అడగకుండా, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు గిన్నెలో పోసి నా వేలిని అందులో ముంచి పట్టుకుంది. ఆ ముళ్ల విషం వేడికి విరుగుతుంది. ఈ సంగతి వైద్యులు చెప్పగా నేను తరువాత విన్నాను. అత్తయ్యకు అది వాళ్లమ్మ చెప్పింది. నీళ్లు చల్లారే లోపలే సలుపు దిగింది, ఆ పైన పసుపు కట్టింది.

ఆ రాత్రి ఇంట్లో సంతలో కొన్న బొచ్చె ముక్కలు ఉన్నాయి. అక్కడ దాన్ని భాకుర అంటారు. అయినా అత్తయ్య నా జెల్లను వేరే తీసి, జిగురు పోయేలా బూడిదతో బండ మీద తోమి, ఉప్పుతో కడిగి, చింతపండు పులుసులోనే చివర్న ఆవ నూరి వేసింది. పులుసు మన శ్రీకాకుళానిది, ఆవ ఒడియా ఇరుగుపొరుగులది. ఆ చేప తల నాకు పెట్టి, తోక దగ్గరి ముక్కను మావయ్య కంచంలో వేసింది. "పట్టింది పారెయ్యకూడదు, వండుకోవాల. ఆడుకోడానికి కాదు" అని మాత్రం అంది. గేలం వేసే వినోదం కోసం చేపను నీళ్లలోంచి తీసి, ఫోటో దిగి, మళ్లీ నీళ్లలోకి వదిలేసేవారిని నేనిప్పుడు చూస్తున్నాను. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. నాకు మాత్రం ఆ ఇంట్లో నేర్చుకున్న పద్ధతే సబబుగా కనబడుతుంది.

నిరుటి ప్రయాణంలో గుణుపురం చాలా మారి కనిపించింది. కోరాపుట్ జిల్లాలో ఉన్న ఊరు 1992 నుంచి రాయగడ జిల్లాలోకి వచ్చింది, బజారు పెరిగింది. చేపల అంగట్లో ఐసు పెట్టెల్లో ఉన్న బొచ్చెలూ శీలావతులూ ఆంధ్ర చెరువుల నుంచి లారీల్లో వచ్చినవేనని అమ్మే ఆవిడ చెప్పింది. ఏటి జెల్లలు ఒక పళ్లెంలో కొద్దిగా, పక్కన ఉన్నాయి, అడిగితేనే చూపింది. ముసలి జాలరి పోయి చాలా ఏళ్లయింది. ఆ చెట్టూ లేదు, ఒడ్డు మరింత కోసుకుపోయింది. మావయ్యకు మోకాళ్ల నొప్పులు, ఏటిదాకా నడవలేడు. అయితే వెదురు కర్రను మాత్రం ఆయనే కోయించి, కుర్చీలో కూర్చొని తన చేత్తోనే చెక్కి, మనవరాలికి ముడి వెయ్యడం నేర్పాడు. జీలుగు దొరకక చెప్పుల అట్టతో బెండు చేశాడు.

మొదటి సాయంత్రం ఏమీ పడలేదు. రెండో సాయంత్రం పక్కన గేలం వేస్తున్న ఒక కుర్రాడు మా అమ్మాయి బెండు వణకడం చూసి "రహ, రహ" అన్నాడు. పిల్ల కదలలేదు. ఆ మాటకు అర్థం దానికి ఆరేళ్లప్పటి నుంచీ తెలుసు. బెండు మునిగి పక్కకు జారేదాకా ఆగి, ఎవరూ చెప్పకుండానే లాగింది. ఇసుకలో పడ్డది జెల్లే, నాదానికన్నా చిన్నది. నేను దాని చెయ్యి పట్టుకొని, వెనుక నుంచి పోనిచ్చి, చూపుడువేలు ఒక పక్క ముల్లు వెనుక, బొటనవేలు రెండో ముల్లు వెనుక, అరచెయ్యి వీపు ముల్లుకు తగలకుండా ఎలా పట్టాలో చూపించాను. అది పట్టుకుంది. చేప కిర్రుమంది. మా అమ్మాయి బెదరలేదు, దాన్ని నెమ్మదిగా చెవి దగ్గరకు తెచ్చుకొని కళ్లు మూసుకొని వింది.

చీకటి పడ్డాక ఇల్లు చేరేసరికి అత్తయ్య చింతపండు నానబెట్టి ఉంది. ఎన్ని పడ్డాయని అడగలేదు. అటక మీది నుంచి అన్నిటికన్నా చిన్న గిన్నెను దింపించి, ఆవాలు నూరడానికి కూర్చుంది.