గోదావరికి యాభై ఏళ్లు

నాన్న చెయ్యి పట్టుకుని రాజమండ్రి స్టేషన్లో నేను మొదట చూసిన గోదావరి ఎక్స్‌ప్రెస్ ముదురు ఎరుపు. ఎండకి, మసికి వెలిసిపోయి అచ్చం కాల్చిన ఇటుకలా ఉండేది. తర్వాత నీలం పెట్టెలొచ్చాయి: ఒళ్లంతా లేత నీలం, కిటికీల వెంట ముదురు నీలం పట్టీ. నా కాలేజీ రోజులన్నీ ఆ నీలంలోనే గడిచాయి. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టెలు ఎరుపూ బూడిదా.

1974 ఫిబ్రవరి 1న పట్టాలెక్కిన బండి ఇది. 2024లో యాభై నిండినప్పుడు విశాఖలో పండగ చేశారని తెలిసి నాన్నకి ఫోన్ చేశాను. "దానికి ఒక్క పెట్టెకైనా ఆ పాత రంగు వెయ్యాల్సిందిరా" అన్నారు. నాకూ అదే కోరిక. ఒక్కటి చాలు, ఇంజను వెనకాలే.